నాలుగో నంబరు కింద మూడు చుక్కలు

కిందటి వారం, ఫోటోగ్రఫీ నేర్చుకుంటున్న ఒక అమ్మాయి నాకు మెసేజ్ పెట్టింది. "అక్కా, అపర్చర్ చిన్నది చేసి తీస్తే ఆకాశంలో నల్లచుక్కలు వస్తున్నాయి. అన్నిటినీ ఒకేసారి చెరిపేసే ఉపాయం ఏదైనా ఉందా?" అని.

ఉంది. రెండు నిమిషాల్లో చెప్పొచ్చు. కానీ రాయబోతే చెయ్యి కదల్లేదు. వారం రోజులుగా ఆ మెసేజ్ అట్లాగే ఉంది.

ఉద్యోగ జ్ఞాపకాలు మామూలుగా జుట్టు నెరిసినవాళ్ళు రాస్తారు. నాకింకా ముప్పై రెండు. కడపలో ఒక ఫోటో స్టూడియోలో ఆరేళ్ళు పనిచేసి, పాప కోసం మానేశాను. అది నిద్రపోయాక మిగిలే ఈ గంటలోనే ఏదైనా రాసుకోవాలి. మధ్యమధ్యలో లేచి దాని ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి తగులుతోందో లేదో చూసి వస్తుంటాను. మూడేళ్ళు నిండిన పిల్లకు ఇంకా ఏమిటిదని మా ఆయన నవ్వుతాడు. నవ్వనీ. ఈ అలవాటు నాకు ఎక్కడ అంటుకుందో తెలిస్తే ఆ అమ్మాయికి నా జవాబు కూడా అర్థమవుతుంది.

మాది కర్నూలు. డిగ్రీ అక్కడే చదివాను. పెళ్ళయి కడపకు వచ్చాక ఇంట్లో ఊరికే కూర్చోలేక స్టూడియోలో చేరాను. స్టూడియో యజమాని అరవై దాటిన మనిషి. మేమంతా ఆయన్ని సార్ అనేవాళ్ళం. ఆయన నన్ను కూతురిలా బేటీ అనేవాడు. అపర్చర్ గురించి పుస్తకంలో నాలుగు పేజీలు చదివి కూడా అర్థం కాక నిలబడితే, ఆయన నన్ను గుమ్మంలోకి తీసుకుపోయాడు.

"ఆ పోయే బస్సు బోర్డు చదువు."

కళ్ళు చికిలించి చదివాను.

"కండ్లు ఎందుకు చికిలించినావు?"

"స్పష్టంగా కనపడుతుందని సార్."

"లెన్సు కూడా అంతే బేటీ. లోపల రంధ్రం చిన్నది చేస్తే దగ్గరిదీ దూరందీ అన్నీ తేటగా కనపడతాయి. కాకపోతే వెలుతురు తక్కువ పడతాది. అందుకని ఎక్కువసేపు చూడాల. ఓపిక ఉండాల."

ఓపిక ఉందని ఆయనకు అనిపించినట్టుంది. అందుకే ఎవరికీ ఇష్టంలేని గని పని నాకిచ్చాడు.

కడప నుంచి గంటకు పైగా ప్రయాణం చేస్తే ఒక నాపరాళ్ళ గని వచ్చేది. భూమిలో పుస్తకం పేజీల్లా పొరలు పొరలుగా ఉన్న రాయిని గడ్డపారలతో లేపి, బండలుగా తీసి అమ్ముతారు. తీసేకొద్దీ గుంత లోతవుతుంది. పక్కన గోడ ఎత్తు పెరుగుతుంది. నేను చూసేనాటికి ఆ గోడ మూడంతస్తుల మేడంత ఉండేది. దాని మీద తెల్లరంగుతో ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు రాసిపెట్టారు.

గని యజమాని సలహాకోసం ఒక ఇంజినీరును పెట్టుకున్నాడు. ఆయన కడపలో ఉంటూ మూడు నాలుగు గనులు చూసేవాడు. గనికి ఎప్పుడో గాని వచ్చేవాడు కాదు. నెలనెలా గోడ ఫోటోలు చూసి, ఎక్కడ తవ్వొచ్చో ఎక్కడ ఆపాలో ఫోనులో చెప్పేవాడు. అంటే ఆయన బదులు గోడను చూసేది నా కెమెరా. ఆ మాటలోని బరువు నాకు అప్పట్లో తెలియలేదు.

పని ఇదీ. గుంత ఇవతలి అంచున మూడు ఇనుప మేకులు పాతి ఉండేవి. ఒక్కో మేకు మీద స్టాండు నిలబెట్టి, అపర్చర్ పదహారుకు తిప్పి, అంటే రంధ్రం బాగా చిన్నది చేసి, గోడను తియ్యాలి. కాళ్ళ ముందరి రాయి నుంచి గోడ చివరి అంకె దాకా అంతా తేటగా రావాలి. పొద్దున ఎనిమిదిలోపే తియ్యాలి, ఎందుకంటే అప్పుడు ఎండ ఏటవాలుగా పడి ప్రతి పగులుకూ నీడ వస్తుంది. ఒక్కో ఫోటోకు రెప్పపాటు పడుతుంది. స్టాండు మీదున్న కెమెరాకు నా ఊపిరితో సంబంధం లేకపోయినా ఆ రెప్పపాటు నేను ఊపిరి బిగబట్టేదాన్ని.

చిన్న అపర్చర్ అన్నిటినీ తేటగా చూపిస్తుందని చెప్పాను కదా. కెమెరా లోపలి దుమ్మును కూడా చూపిస్తుంది. బొమ్మ పడే పలక మీద కంటికి ఆనని నలుసు పడినా, అపర్చర్ పెద్దగా ఉన్నంతకాలం అది ఫోటోలో రాదు. చిన్నది చేశామా, అంచులు మసకగా ఉన్న గుండ్రటి మచ్చయి కూర్చుంటుంది. ఆ గనిలో దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. లెన్సు మార్చకపోయినా, సంచిలో చుట్టి తీసుకుపోయినా, నెల తిరిగేసరికి ఆరేడు మచ్చలు తప్పవు. స్టూడియోకు వచ్చి కంప్యూటర్‌లో ఒక్కొక్కదాని మీదా నొక్కితే మాయమయ్యేవి. బియ్యంలో రాళ్ళు ఏరడం లాంటి పని. కొన్నాళ్ళకు కళ్ళతో పనిలేకుండా వేళ్ళే చేసుకుపోతాయి.

కాన్పు తర్వాత పాపకు ఏడో నెల రాగానే తిరిగి పనిలో చేరాను. మా అమ్మ కర్నూలు నుంచి వచ్చి పాపను చూసుకునేది. మొదటి నెల గనికి వెళ్ళినప్పుడు, బండల అంచులు కొట్టే ఆడవాళ్ళలో ఒకామె నా దగ్గరికి వచ్చింది. నా వయసే ఉంటుంది. చంకలో బిడ్డ. బిడ్డ బుగ్గ మీద రూపాయంత దిష్టిచుక్క.

"ఏం ఫోటోలమ్మా, శానా దినాలు కనపడలేదే?"

పాప పుట్టిందని చెప్పాను.

"యాడ ఇడ్సి వచ్చినావు మరి?"

"మా అమ్మ దగ్గర."

"నీకు అమ్మ ఉండాది. నాకు ఈ గోడ ఉండాది" అని ఆమె నవ్వింది. "పన్నెండు దాటితే ఈ గుంతలో యాడా నీడ ఉండదు. ఆ నాలుగో నంబరు కింద ఒక్కచోటే. గుంజలు నాటి ఉయ్యాల ఆడ కట్టినామంటే సాయంత్రం దాకా పండుకుంటాది."

నాలుగో నంబరు దగ్గర గోడ పైభాగం కొంచెం ముందుకు వాలి ఉండేది. అందుకే నీడ. నేను అటు చూసి, మంచి చోటే దొరికిందిలే అన్నాను. ఈ మాట నేనే అన్నాను.

రెండో నెల గనికి పోయే ముందు వారంలో రెండు రోజులు వాన పడింది. మా వైపు వాన పడితే సంతోషించడమే తప్ప అనుమానించడం ఎవరికీ తెలియదు. శనివారం పొద్దున్నే పోయి మూడు మేకుల దగ్గరా మూడు ఫోటోలు తీసుకుని వచ్చాను. మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చోగానే అమ్మ ఫోను.

"పాప పాలు తాగడంలేదే. ఒళ్ళు కూడా కొంచెం వెచ్చగా ఉన్నట్టుంది. నువ్వేం కంగారు పడొద్దు."

కంగారు పడొద్దని మా అమ్మ అందంటే ఏదో ఉన్నట్టే. ఒక చేత్తో ఫోను చెవికి పెట్టుకునే రెండో చేత్తో చుక్కలు చెరపడం మొదలుపెట్టాను. ఆకాశంలో ఆరు. గోడ మీద, నాలుగో అంకె కింద ఏటవాలుగా మూడు. గుండ్రంగా, మసక అంచులతో, అన్నీ ఒకే కుటుంబంలా ఉన్నాయి. నొక్కాను, పోయాయి. ఒక్కో ఫోటోకు తొమ్మిది. మూడు ఫోటోలూ ఇంజినీరుకు పంపి ఇంటికి పరుగెత్తాను.

పాపకు ఏమీ లేదు. పళ్ళు వస్తున్నాయట. అమ్మ వేలు కొరుకుతూ నన్ను చూసి నవ్వింది.

రాత్రికి ఇంజినీరు దగ్గర నుంచి మెసేజ్ వచ్చింది. "ఫోటోలు చాలా శుభ్రంగా ఉన్నాయి. నాలుగో నంబరు కింద రెండు పొరలు తీసుకోవచ్చని మేనేజరుకు చెప్పాను." మెచ్చుకున్నాడని సంబరపడి మా ఆయనకు చూపించాను.

మంగళవారం ఒక నగల కొట్టు పని. స్టూడియోలో తెల్లటి గుడ్డ పరిచి కమ్మలు తియ్యాలి. కమ్మ ముందర రాయీ వెనక కొక్కీ రెండూ తేటగా రావాలి కాబట్టి మళ్ళీ పదహారే. పదిన్నరకు మొదటి ఫోటో కంప్యూటర్‌లో తెరిచాను. తెల్లగుడ్డ మీద దుమ్ము మచ్చలు బాగా కనబడతాయి. శనివారం నుంచి కెమెరా లోపల తుడవలేదు, అవే మచ్చలు. ఎడమ పక్క పైన ఒకటి, జంటగా రెండు, మూలన మూడు.

ఆరు.

ఇంకో మూడుండాలి కదా అనుకుని వెతికాను. లేవు. రాలిపోయాయేమో అనుకున్నాను. అయినా ఎందుకో శనివారం నాటి అసలు ఫోటోలు తెరిచాను. చెరిపినవాటిని వేరే పేరుతో దాచుకునే అలవాటు నాకుండేది. ఆ పనంతటిలో నేను చేసిన మంచిపని ఏదైనా ఉందంటే అదొక్కటే.

మూడు ఫోటోలూ పక్కపక్కన పెట్టాను. ఆకాశంలోని ఆరు చుక్కలు మూడింటిలోనూ ఒకేచోట ఉన్నాయి. కెమెరాలోని దుమ్ము అట్లాగే ఉంటుంది, కెమెరాను ఎటు తిప్పినా ఫోటోలో దాని చోటు మారదు. గోడ మీది మూడు చుక్కలు మాత్రం మొదటి ఫోటోలో కుడి పక్కన ఉన్నాయి. రెండో దాంట్లో నడిమికి వచ్చాయి. మూడో దాంట్లో ఎడమకు పోయాయి. కానీ ప్రతిదాంట్లోనూ నాలుగో అంకె కిందే ఉన్నాయి.

అవి గోడవి.

పెద్దవి చేసి చూశాను. చెమ్మ. గోడ లోపలి నుంచి నీళ్ళు ఊరుతున్న మూడు చోట్లు, ఒకే వరుసలో. వెనక పగులు లేనిదే నీళ్ళు అలా వరుసలో రావని నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. గోడ గడియారం చూశాను. పదకొండుకు పది నిమిషాలు. పన్నెండు దాటితే నీడ అక్కడొక్కచోటే.

గని మేనేజరుకు ఫోను చేశాను. నాలుగోసారికి ఎత్తాడు. నాలుగో నంబరు దగ్గర చెమ్మ ఉందేమో చూడమన్నాను.

"చెమ్మనా? ఈ ఎండకు మనిషి నోట్లోనే తడి లేదు. నువ్వు ఫోటోలు తీసుకోమ్మా, గోడ సంగతి మేము చూసుకుంటాం" అని పెట్టేశాడు.

ఇంజినీరుకు చేశాను. ఇక్కడ జరిగింది చెప్పడానికే నాకు ఇన్నేళ్ళూ మనసొప్పలేదు. ఆయన మర్యాదగానే మాట్లాడాడు.

"ఏమ్మా, చెప్పండి."

"సార్, శనివారం ఫోటోలు మళ్ళీ ఒకసారి చూస్తారా? నాలుగో నంబరు దగ్గర."

"చూశాను కదమ్మా. ఏమీ లేదు. మీ ఫోటోల్లో ఉన్నంత స్పష్టంగా నాకు అక్కడికి పోయినా కనపడదు. ఎందుకడుగుతున్నారు?"

నేనే చెరిపాను సార్ అనాలి. మూడు మాటలు. ఉద్యోగం పోతుందని, స్టూడియో సార్ పరువు పోతుందని, ఇంజినీరు అందరికీ చెప్తాడని, ఆ ఒక్క క్షణంలో ఎన్ని భయాలో! "ఏం లేదు సార్, ఊరికే అడిగాను" అని పెట్టేశాను. ఒక బిడ్డ ఆ గోడ కింద పడుకోబోతోందని తెలిసి కూడా అలా అన్నాను.

వెనక నుంచి సార్ గొంతు వినపడింది. "ఏం బేటీ, ముఖం అట్లయిపోయిందేమి?"

ఆయనకు మాత్రం దాచలేదు. తెర మీద చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి జరిపి, చికిలించి, మూడు ఫోటోలూ చూశాడు. నన్ను తిట్టడానికి నోరు తెరిచి మళ్ళీ మూశాడు. బల్ల మీది కారు తాళాలు తీసుకున్నాడు.

"పా. తిట్టేది దావలో తిడ్తా."

దారిలో ఆయన తిట్టలేదు. మామూలు కంటే వేగంగా నడిపాడు. నేను కెమెరా సంచి ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాను. ఊరు దాటి కొంతదూరం పోయాక గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. సార్ ఆపకుండా హారన్ కొట్టాడు. కాపరి తాపీగా కారు దగ్గరకు వచ్చి లోపలికి తొంగి చూశాడు.

"ఏమప్పా, అంత అరుస్తాండావు? నీ అవసరం గొర్రెలకేం తెలుసు?"

"బిడ్డ ప్రాణం మీదికొచ్చింది సామీ" అన్నాడు సార్.

కాపరి నా ఒళ్ళోని సంచిని చూశాడు. నా ముఖం చూశాడు. కర్ర అడ్డంపెట్టి, నోటితో ఏదో చప్పుడు చేసి, మందను రెండుగా చీల్చేశాడు. గొర్రెల మధ్య నుంచి పోతున్నంతసేపూ నేను టైము చూస్తూనే ఉన్నాను.

కొంచెంసేపటికి సార్ తనలో తను అనుకుంటున్నట్టు చెప్పాడు. "ముప్పై ఏండ్ల కింద ఒకాయన పాస్‌పోర్టుకని ఫోటో దిగినాడు. అందంగా ఉంటాదని ఆయన గడ్డం మీద పుట్టుమచ్చ తీసేసినా. ఆఫీసులో నువ్వు నువ్వు కాదని ఎనక్కి పంపినారు. నా అంగట్లోకొచ్చి, నా మచ్చ నాకియ్యి అని గలాటా. నేను నవ్వినా." ఆయన గొంతు తగ్గింది. "నీకు చుక్కలు చెరిపేది నేర్పించింది నేనే గదా బేటీ."

మేము చేరేసరికి పన్నెండున్నర. కారు ఆగకముందే దిగి గుంత అంచుకు పరుగెత్తాను. ఉయ్యాల అప్పటికే నాలుగో నంబరు కింద ఉంది. ఎర్రచీర ఉయ్యాల, గాలికి కొంచెం కొంచెం ఊగుతోంది. దానికి పది అడుగుల దూరంలో ఆడవాళ్ళు సంగటి ముద్దలు పెట్టుకుని తింటున్నారు. ఇంకొంచెం ఇవతల ఇద్దరు మగవాళ్ళు గోడ అడుగున పొర లేపుతున్నారు. గడ్డపార దిగిన ప్రతిసారీ ఆ చప్పుడు గోడకు తగిలి రెండుసార్లు వినపడేది.

మేనేజరు రేకుల షెడ్డులోంచి వచ్చి అడ్డం నిలబడ్డాడు. "ఏందమ్మా ఇది, చెప్తే ఇనకుండా? యాడుండాది చెమ్మ? చూపించు."

చూశాను. గోడ ఎండిన రొట్టెలా ఉంది. ఒక్క మరక లేదు. నా మీద నాకే అనుమానం వచ్చింది. ఇంతదూరం ఒక నీడను చూసి పరుగెత్తుకొచ్చానా అనిపించింది. అయినా మెట్లలా కొట్టిన రాళ్ళ మీదుగా కిందికి దిగి, నేరుగా ఉయ్యాల దగ్గరికి పోయాను. ఆమె ఎంగిలిచేత్తోనే లేచింది.

"ఏం ఫోటోలమ్మా?"

"బిడ్డను తీసుకుని బయటికి రా అమ్మా. ముందు బయటికి రా."

"బయటికంటే యాడికి? ఎండలో పెట్టమంటావా పిల్లని? నీ బిడ్డనయితే పెడ్తావా?"

"గోడ మంచిది కాదు. లోపల నీళ్ళున్నాయి."

ఆమె నన్ను వింతగా చూసింది. "ఆ చెమ్మనా? వాన పడిన కాడ్నుంచి చూస్తాండాం. పొద్దున మేము వచ్చేసరికి ఉంటాది, ఎండ పైకొస్తే ఆరిపోతాది. మేనేజరు పదింటికి గదా వచ్చేది, ఆయప్పకు యాడ కనపడతాది? మేమే చెప్పినాం నీళ్ళు ఊరుతాండాయని."

"చెప్తే?"

"ఫోటోలో ఏం లేదన్నాడు. ఇంజినీరు చూసినాడంట. శానా శుభ్రంగా ఉండాదంట. మన కండ్లకంటే కెమెరా కన్ను తక్కువదా అన్నాడు. సరే, మాకేం తెలుసు, సదువుకున్నోళ్ళు చూసినారు గదా అనుకున్నాం."

వాళ్ళు చూశారు. వాళ్ళు చెప్పారు. వాళ్ళ మాటను కొట్టేసింది నా ఫోటో.

మేనేజరు వెనకే దిగి వచ్చాడు. పని ఆగితే యజమానికి తను జవాబు చెప్పాలని అరుస్తున్నాడు. నేను ఆయన ముందే ఇంజినీరుకు ఫోను చేశాను. ఈసారి దాచలేదు.

"సార్, శనివారం ఫోటోల్లో నాలుగో నంబరు కింద మూడు చెమ్మ మరకలున్నాయి. దుమ్మనుకుని నేనే చెరిపేశాను. అసలు ఫోటోలు ఇప్పుడు పంపుతున్నాను. చూడండి."

ఆయన ఒకే ప్రశ్న అడిగాడు. "వరుసలో ఉన్నాయా, చెదురుగా ఉన్నాయా?"

"వరుసలో. ఏటవాలుగా."

"అందరినీ బయటికి పంపించండి. ఫోను మేనేజరుకివ్వండి."

మేనేజరు ఫోను చెవికి పెట్టుకుని ఊ, ఊ అన్నాడు. తర్వాత గడ్డపారలవాళ్ళను బయటికి రమ్మని చెయ్యి ఊపాడు. ఆమె ఉయ్యాలలోంచి బిడ్డను తీసింది. ఉయ్యాల గుంజలు పీకబోతే నేను వద్దని అరిచాను. అంత గట్టిగా నేను జీవితంలో ఎప్పుడూ అరవలేదు. బిడ్డ లేచి ఏడ్చింది.

ఆ మధ్యాహ్నమంతా ఏమీ జరగలేదు. ఇరవై మంది షెడ్డు నీడలో ఒకరి మీద ఒకరు పడుతూ కూర్చుని గోడను చూశారు. గోడ మమ్మల్ని చూసింది. "ఫోటోలమ్మ వచ్చింది, గని మూసింది" అని మేనేజరు అందరికీ వినపడేలా అన్నాడు. కొందరు నవ్వారు. పడితే ఏమవుతుందోనని భయం, పడకపోతే నేనేమవుతానోనని భయం. ఒక్క క్షణం, ఒక్కటే క్షణం, ఆ గోడ పడిపోతే బాగుండునని కోరుకున్నాను. మనుషులు భయంలో ఎంత చిన్నవాళ్ళవుతారో నాకు అప్పుడు తెలిసింది.

నాలుగింటికి ఇంజినీరు వచ్చాడు. నాతో మాట్లాడకుండా గోడ పైకి ఎక్కాడు. నేనూ సారూ వెనకే పోయాం. అంచుకు మూడు అడుగుల వెనక కంపచెట్లు గుబురుగా ఉన్నాయి. ఆయన కాలితో ముళ్ళు పక్కకు నెట్టాడు. కింద నేల నోరు తెరిచి ఉంది. నా చెయ్యి మోచేతి దాకా దూరేంత పగులు. సార్ ఒక గులకరాయి జారవిడిచాడు. కిందపడిన చప్పుడు వినపడలేదు.

ఇంజినీరు చేతులు నడుముకు పెట్టుకుని కాసేపు నిలబడ్డాడు. "నేను రావాల్సింది" అన్నాడు. అది నాకు చెప్పాడో, తనకు తను చెప్పుకున్నాడో తెలియదు. నన్ను తిట్టి ఉంటే కొంచెం తేలికపడేదాన్ని.

గోడ కింద తాడు కట్టి అటు ఎవరినీ పోనివ్వలేదు. ఆరో రోజు తెల్లవారాక మేనేజరు ఫోను చేశాడు. గొంతులో పాత వెటకారం లేదు.

"ఫోటోలమ్మా, నాలుగో నంబరు పోయింది."

"ఎవరైనా..."

"ఎవురూ లేరు. రాత్రి మళ్ళా వాన పడింది గదా, తెల్లారేలోపే పడిపోయింది. ఇంజినీరు ఫోటోలు తీయమంటాండాడు, రా."

పోయాను. రెండో మేకు మీద స్టాండు నిలబెట్టాను. బటన్ నా చేత్తో నొక్కబుద్ధి కాక టైమరు పెట్టి పక్కకు జరిగాను. ఇల్లంత బండ ఒకటి జారి కింద పడి ఉంది. దాని మీద తెల్లరంగు నాలుగో అంకె తలకిందులుగా కనపడుతోంది. ఉయ్యాల గుంజలు ఎక్కడ నాటి ఉండేవో నాకు బాగా తెలుసు. బండ అంచు కింద నుంచి ఎర్రచీర కొంగు జానెడు బయటికి వచ్చి ఉంది. ఆ రోజు నేను అరిచి వదిలెయ్యమన్న చీర. పదహారు అపర్చర్‌లో అది కూడా తేటగా వచ్చింది.

ఆ ఫోటోను ఒక్క చుక్క కూడా చెరపకుండా పంపాను. ఆకాశంలో ఎనిమిది మచ్చలు. ఇంజినీరు వాటి గురించి అడగలేదు. అప్పటి నుంచి గని ఫోటోలేవీ తుడవకూడదని సార్ స్టూడియోలో అందరికీ చెప్పాడు. నా ఉద్యోగం పోలేదు. మరో రెండేళ్ళు అదే గనికి పోయాను. ప్రతి నెలా ఫోటోలు తీశాక, పొద్దున్నే వచ్చే ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, గోడ ఎలా ఉందో వాళ్ళను అడిగి రాసుకుని, ఆ కాగితం కూడా ఫోటోలతో కలిపి పంపేదాన్ని. గని యజమాని ఉయ్యాలలకని రేకుల పందిరి ఒకటి వేయించాడు.

గోడ పడిన రోజున ఆ ఉయ్యాల కట్టినామె బిడ్డనెత్తుకుని నా పక్కనే నిలబడి ఉంది. నా పని అయ్యాక బిడ్డకు ఒక ఫోటో తియ్యమంది. సరే అని కెమెరా స్టాండు మీద నుంచి తీశాను. బిడ్డ నన్ను గుర్తుపట్టిందో ఏమో, ముఖం చిట్లించింది. తల్లి బిడ్డ బుగ్గ మీది కాటుక సరిచేస్తూ అంది:

"నీ చెయ్యి ఊరకుండదు గదా. నా బిడ్డ చుక్క చెరిపేవు. అది మాత్రం ఉండనీ."

నవ్వాలని చూశాను. ఏడుపొచ్చింది. ఆమె కూడా ఏడ్చింది. మేనేజరు దూరం నుంచి మమ్మల్ని చూసి షెడ్డులోకి పోయాడు.

అమ్మాయీ, నువ్వడిగినదానికి జవాబు. చుక్కలన్నిటినీ ఒకేసారి చెరిపే ఉపాయం ఉంది, నేను నీకు చెప్పను. ఒక్కొక్కదాన్నీ చూడు. కెమెరాను కొంచెం పక్కకు తిప్పి ఇంకో ఫోటో తియ్యి. చుక్క ఫోటోలో ఉన్నచోటే ఉంటే అది నీ కెమెరాది, తుడుచుకో. ఎదుటి వస్తువుతో పాటు జరిగితే అది నీది కాదు, దాన్ని ముట్టుకోకు. అక్కడ పనిచేసేవాళ్ళెవరైనా ఉంటే పోయి అడుగు. నీకంటే ముందే వాళ్ళు చూసి ఉంటారు.

ఇందాక లేచి చూసినప్పుడు పాప మోచేతి మీద ఒక చుక్క కనపడింది. ఫోను వెలుతురులో దగ్గరగా చూశాను. వేలు తడిచేసి రుద్దితే పోయింది. స్కెచ్ పెన్ను. అయినా పొద్దున ఎండలో ఇంకోసారి చూస్తాను.